హోదా సంగతి తర్వాత, ముందు సభకి పొండి

పదకొండు అనే అంకె మన రాష్ట్రంలో ఒక ఎగతాళి మాట అయిపోయింది. 2024 ఎన్నికల్లో వైసీపీకి వచ్చినవి అన్ని సీట్లే, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని ఆ ఎమ్మెల్యేలు అసెంబ్లీ సమావేశాలకి పోవట్లా. యూట్యూబ్‌లో ఏ రాజకీయ వీడియో తెరిచినా, ఆఖరికి ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా, ఎవరైనా ప్రభుత్వాన్ని ఒక మాట అడిగితే చాలు, అవతలోళ్ళు పదకొండు అని పెట్టేస్తారు, ఇక మాట అక్కడితో ఆగిపోద్ది. నాకు ఆ జోకులకి నవ్వు రాదు. ఆ పదకొండు సీట్లలో రెండు మా పాత ప్రకాశం జిల్లావే, ఎర్రగొండపాలెం ఒకటి, దర్శి ఒకటి. మా అమ్మ పుట్టిల్లు ఎర్రగొండపాలెం నియోజకవర్గంలో, పెద్దారవీడు మండలం. నేను ఒంగోల్లో ఉంటున్నా గానీ మేనమామలంతా అక్కడే, నా చిన్నప్పటి సెలవులన్నీ అక్కడే గడిచినయ్. కాబట్టి ఎవరైనా పదకొండు అని నవ్వితే నాకు ఒక పార్టీ గుర్తు రాదు, ఆ ఊళ్ళు గుర్తొస్తాయి.

మొన్న మార్కాపురంలో బంధువులింట్లో గృహప్రవేశానికి పోతే భోజనాల దగ్గర మళ్ళీ ఇదే గొడవ. మా చిన్నమామ ఫ్యాన్ మనిషి, అంటే వైసీపీ, మా బావ సైకిల్ మనిషి, అంటే టీడీపీ, ఇద్దరూ మంచోళ్ళే, ఒకళ్ళ అవసరానికి ఇంకొకళ్ళు అప్పు ఇచ్చుకునేంత దగ్గర, కానీ ఈ టాపిక్ వస్తే గొంతులు లేస్తాయి. "జీతం తీసుకుంటా సభకి రాకపోతే ఎట్టా మామా" అని బావ. "హోదా ఇవ్వరు, మైకు ఇవ్వరు, తిట్టించుకోడానికి పోవాల్నా" అని మామ. ఇట్టా అరగంట నడిచింది. అప్పటిదాకా పిల్లలకి అన్నం పెడతా వింటున్న మా పెద్దత్త, ఆమె వాళ్ళ పుట్టింటి పొలం వెలిగొండ ప్రాజెక్టు ముంపులో ఉంది, "మీ పంచాయితీ సరేగానీ అబ్బయ్యా, మా పునరావాసం ప్యాకేజీ సంగతి ఆడ అడిగేది ఎవురంట?" అంది. ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఒంగోలు వచ్చే దారంతా నేను దాని గురించే ఆలోచిస్తా వచ్చా, ఆ ఆలోచనే ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్రతిపక్ష హోదా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ పదకొండు మందీ అసెంబ్లీకి పోవాలి. హోదా ఇస్తే మంచిదని కూడా నేననుకుంటా, అది కింద రాస్తా. కానీ ఒకదానికి ఇంకోటి ముడి పెట్టడం మాత్రం ఓటేసిన మనిషికి అన్యాయం.

ఓట్లు ఎక్కడికీ పోలా

ఒక లెక్క చూడండి. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓడిపోయిన పార్టీకి రెండు సార్లూ దాదాపు అన్నే ఓట్లు. అంటే ఎవరు ఎంత ఘోరంగా ఓడిపోయారని మనం చెప్పుకున్నా, రాష్ట్రంలో పది మందిలో నలుగురు వాళ్ళ వెనకాలే ఉన్నారు. 2019లో ఆ నలుగురిని ఇరవై మూడు అని ఏడిపించారు, ఇప్పుడు ఈ నలుగురిని పదకొండు అని ఏడిపిస్తున్నారు.

నెల్లూరు సంగతి ఇంకా విచిత్రం. 2019లో పదికి పది ఫ్యాన్, 2024లో పాత జిల్లా లెక్కన పదికి పది సైకిల్. ఐదేళ్ళలో జిల్లా మొత్తం మనసు మారిపోయిందా అంటే అదేం లేదు, కొంతమంది అటు నుంచి ఇటు వచ్చారు, నాయకులు అయితే ఇంకా ముందే వచ్చేశారు. ఆనం రామనారాయణరెడ్డి గారు, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి గారు, వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గారు, మా ఒంగోల్లో మాగుంట శ్రీనివాసులురెడ్డి గారు, వీళ్ళంతా 2019లో ఒక పార్టీ, 2024లో ఇంకో పార్టీ, రెండు సార్లూ గెలిచిన వైపే. ఇది తప్పా ఒప్పా అనేది ఈ రోజు నా విషయం కాదు.

గిద్దలూరు చూడండి. 2019లో వైసీపీకి ఎనభై వేలు దాటిన మెజారిటీ, రాష్ట్రంలోనే పెద్ద మెజారిటీల్లో ఒకటి. 2024లో గిద్దలూరు ఎమ్మెల్యేని మార్కాపురానికి, మార్కాపురం ఎమ్మెల్యేని గిద్దలూరుకి మార్చారు, ఇద్దరూ ఓడిపోయారు, గిద్దలూరులో అయితే వెయ్యి ఓట్లు కూడా తేడా లేదు. అటు దర్శిలో వైసీపీ గెలిచింది రెండున్నర వేల లోపు తేడాతో. అంటే గిద్దలూరులో దాదాపు సగం మంది ఫ్యాన్‌కి వేసి సైకిల్ ఎమ్మెల్యేతో ఉన్నారు, దర్శిలో దాదాపు సగం మంది సైకిల్‌కి వేసి ఫ్యాన్ ఎమ్మెల్యేతో ఉన్నారు. దర్శి ఎమ్మెల్యే సభకి పోకపోతే ఆ కుర్చీ ఒక్క వైసీపీ వాళ్ళకే ఖాళీ కాదు, ఆయనకి ఓటెయ్యని సగం మందికి కూడా ఖాళీయే. పార్టీలు అలిగినా పట్టు పట్టినా నియోజకవర్గం మాత్రం ఒకటే, దానికి ఎమ్మెల్యే ఒక్కడే.

ఎమ్మెల్యేకి మిగిలింది మైకు ఒక్కటే

ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్న నియోజకవర్గంలో పనులు ఎట్టా జరుగుతాయో ఇక్కడోళ్ళకి కొత్తగా చెప్పక్కర్లా. ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థి ఇన్‌చార్జి అవుతాడు, ఆఫీసర్లు ఆయన మాట వింటారు, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కులు ఆయన చేతుల మీదుగా, సిమెంటు రోడ్లు ఆయన మనుషులకి. గెలిచిన ఎమ్మెల్యే పెళ్ళిళ్ళకి, పరామర్శలకి తిరుగుతా ఉంటాడు. ఇది ఇప్పుడు మొదలైంది కాదు. 2019 తర్వాత అద్దంకి, పర్చూరు, కొండపిలో టీడీపీ ఎమ్మెల్యేలు గెలిచినప్పుడు అక్కడా ఇదే నడిచింది, అప్పుడు ఇన్‌చార్జిలు ఫ్యాన్ వాళ్ళు, అంతే తేడా.

మా మామ వాళ్ళ పక్క ఊళ్ళో ఒకాయన ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్ తిప్పాడు. ఆ వైపు ఎండాకాలం ట్యాంకర్ లేకపోతే గొంతు తడవదు, బోరు నీళ్ళు తాగితే ఫ్లోరైడ్. ఆయనకి బిల్లు రాలా. ఆఫీసులో అడిగితే పై నుంచి రావాలన్నారు, పార్టీ వాళ్ళని అడిగితే ముందు నువ్వు ఎవరికి వేశావో చెప్పు అన్నారంట, ఎమ్మెల్యే దగ్గరికి పోతే నా చేతుల్లో ఏముంది అన్నారంట. ఎవరి హయాంలో జరిగిందో రాయను, ఇట్టాంటి కథలు రెండు హయాముల్లోనూ విన్నా.

ఇక్కడే నా పాయింటు. ప్రతిపక్ష ఎమ్మెల్యేకి ఊళ్ళో అధికారం ఎట్టాగూ ఉండదు. ఆఫీసరు ఫోన్ ఎత్తడు, కలెక్టరేట్ మీటింగుకి పోతే ఓ మూలన కూర్చోబెడతారు. ఆయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క పనిముట్టు అసెంబ్లీ. దాన్ని ఎవరూ ఆయన దగ్గర నుంచి లాక్కోలా, ఆయనే వదిలేస్తున్నాడు. అధికార పక్షం ఎమ్మెల్యే సభకి రాకపోయినా ఆయన నియోజకవర్గానికి మంత్రుల చాంబర్లు ఉన్నాయి, ఒక ఫోన్ కొడితే పని అవుద్ది. సభ లేకపోతే నిజంగా నష్టపోయేది ప్రతిపక్షం వాళ్ళని గెలిపించిన ఊళ్ళే.

అసెంబ్లీలో అడిగితే ఏమొస్తుందిలే అని చాలామంది అంటారు, నేనూ విన్నా. టీవీలో మనకి కనపడేది అరుపులు, పోడియం దగ్గర నిలబడటం, సస్పెన్షన్లు, అంతే కాబట్టి అట్టా అనిపిస్తది. కానీ క్వశ్చన్ అవర్ అనేది ఒకటి ఉంది. ఎమ్మెల్యే ముందుగా ప్రశ్న రాసిచ్చి, స్పీకర్ దాన్ని అనుమతిస్తే ఆ శాఖ దానికి జవాబు తయారు చేసి తీరాలి. సెక్రటేరియట్ నుంచి జిల్లాకి అడుగుతారు, జిల్లా నుంచి డివిజన్‌కి, అక్కడ ఇంజనీరో ఆర్డీఓనో కూర్చుని అంకెలు రాయాలి. టైము లేక సభలో ఆ ప్రశ్న దాకా రాకపోయినా జవాబు టేబుల్ మీద పెడతారు, అది రికార్డు. మంత్రి మైకు కట్ చేయించినా ఆ కాగితాన్ని కట్ చెయ్యలేరు. పొలం పోతున్న మనిషికి ఆ కాగితం విలువ ఏంటో మా అత్తని అడిగితే చెప్పుద్ది, ఇంకెంతమందికి డబ్బులు రావాలి, ఏ సంవత్సరం లిస్టు ప్రకారం ఇస్తున్నారు అనేది ఆమెకి ఇప్పటిదాకా ఎవరూ రాతపూర్వకంగా చెప్పలా.

వెలిగొండ చరిత్ర ఒక్కసారి గుర్తు చేసుకుంటే ఎవరికి కోపం రావాలో తెలుస్తది. 1996లో చంద్రబాబు నాయుడు గారు శంకుస్థాపన చేశారు. వైఎస్ హయాంలో పనులు మొదలైనయ్. నల్లమల కొండ కింద ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్ల పైన రెండు సొరంగాలు, శ్రీశైలం నుంచి 43 టీఎంసీల పైగా వరద నీళ్ళు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు. 2024 మార్చి 6న ఎన్నికలకి రెండు నెలల ముందు జగన్ గారు దోర్నాల వైపు వచ్చి సొరంగాలు జాతికి అంకితం చేశారు. కానీ నీళ్ళు పారాలంటే నల్లమల సాగర్ రిజర్వాయర్ నిండాలి, సాగర్ నిండాలంటే సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్ళు ఖాళీ చెయ్యాలి, ఊళ్ళు ఖాళీ చెయ్యాలంటే వాళ్ళకి పునరావాసం డబ్బులు ఇవ్వాలి. అది ఇవ్వకుండానే అంకితం అయిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, వీళ్ళూ డేట్లు చెప్తున్నారు. మొదట సర్వే చేసి లిస్టు రాసినప్పుడు ఒళ్ళో ఉన్న పిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళై పిల్లలున్నారు, వాళ్ళని వేరే కుటుంబం కింద లెక్క కడతారా లేదా అనేదే మా అత్త వాళ్ళ ఇంట్లో రోజూ నడిచే మాట.

ఇంతమంది ముఖ్యమంత్రులకి సంబంధం ఉన్న ప్రాజెక్టు కాబట్టి ప్రతి పార్టీకీ దీని మీద మాట్లాడే హక్కు ఉంది, మాట్లాడటానికి భయపడే కారణమూ ఉంది. వైసీపీ వాళ్ళు అడిగితే "మీరు ఐదేళ్ళలో ఎందుకియ్యలేదు" అంటారు. అననీ. ఆ మాట అన్నప్పుడైనా మంత్రి మేమెంత ఇచ్చామో చెప్పాల్సి వస్తది గదా.

నూట అరవై నాలుగు మందీ ఒకే వైపు

ఇంకో విషయం మనం అస్సలు మాట్లాడుకోవట్లా. కూటమికి టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8, మొత్తం 164. మిగిలిన 11 వైసీపీ. 175 అయిపోయినయ్. ఒక్క ఇండిపెండెంటు కూడా లేడు, కమ్యూనిస్టు లేడు, కాంగ్రెస్ లేదు. అంటే ఈ పదకొండు మంది రాకపోతే సభలో ప్రభుత్వం కానివాడు ఒక్కడు కూడా ఉండడు. ప్రశ్న అడిగేదీ వాళ్ళే, జవాబు చెప్పేదీ వాళ్ళే, బడ్జెట్ బాగుందని బల్లలు చరిచేదీ వాళ్ళే. కూటమి ఎమ్మెల్యేల్లో కూడా నిజాయితీగా అడిగేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ రేపు టిక్కెట్టు ఇచ్చేవాడిని, తనే చేతులెత్తి ఎన్నుకున్న నాయకుడిని మనిషి ఎంతవరకు నిలదీస్తాడు.

శాసనమండలికి పోతున్నారు గదా అని చిన్నమామ అన్నాడు. నిజమే, మండలిలో బొత్స సత్యనారాయణ గారు ప్రతిపక్ష నేత, అక్కడ వైసీపీ వాళ్ళు మాట్లాడుతున్నారు, కొన్నిసార్లు మంత్రులని బాగా ఇరుకున పెడుతున్నారు కూడా. నాకు ఇదే అర్థం కాలా. మండలిలో మాట్లాడితే ఉపయోగం ఉందని తెలిసినవాళ్ళకి అసెంబ్లీలో మాట్లాడితే ఉపయోగం లేదని ఎట్టా అనిపించింది? పైగా మండలి సభ్యుడు పెద్దారవీడులో లైన్లో నిలబడి మా వాళ్ళు వేసిన ఓటుతో గెలిచినవాడు కాదు.

హోదా ఇవ్వాలా వద్దా

ఇవ్వాలి అనే నా అభిప్రాయం. మా బావకి ఇది నచ్చదు.

పది శాతం, అంటే 18 సీట్లు ఉండాలనే వాదన తెలిసిందే, స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు 2025 మార్చిలో అదే చెప్పి కుదరదన్నారు. 2014లో లోక్‌సభలో 44 సీట్లున్న కాంగ్రెస్‌కి కూడా ఇదే లెక్కన ఇవ్వలా. 2019లో జగన్ గారు కూడా సభలో, టీడీపీ నుంచి ఐదుగురు వచ్చేస్తే చంద్రబాబు గారికి ప్రతిపక్ష హోదా ఉండదని అన్నారు, అంటే ఆ లెక్క ఆయనకీ తెలిసిందే. ఇవన్నీ బావ చెప్పినవే, కొట్టిపారేసేవి కాదు.

కానీ ఇంకో వైపు కూడా ఉంది. 1994లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే 294లో కాంగ్రెస్‌కి 26 వచ్చినయ్, పది శాతం కంటే తక్కువ, అయినా పి.జనార్దన్‌రెడ్డి గారు ప్రతిపక్ష నేతగా కూర్చున్నారు. 2015లో ఢిల్లీలో 70 సీట్లలో బీజేపీకి మూడంటే మూడు, అక్కడా ఆ పార్టీకి ప్రతిపక్ష నేత హోదా ఇచ్చారు. అంటే మనసుంటే ఇవ్వొచ్చు. సభలో ఉన్నదే ఒక్క ప్రతిపక్ష పార్టీ, దాని వెనక 39 శాతం ఓట్లు ఉన్నాయి. దానికి ఒక కుర్చీ, మాట్లాడటానికి కాస్త ఎక్కువ టైము ఇస్తే 164 మంది ఉన్న ప్రభుత్వానికి పోయేదేంటి? ఇవ్వకపోవడం వల్ల పోయేది మాత్రం కనపడతానే ఉంది, రాకుండా ఉండటానికి వాళ్ళకి ఒక కారణం దొరికింది. ప్రభుత్వం పెద్ద మనసు చూపించి ఉంటే ఈ పాటికి ఆ కారణం కూడా ఉండేది కాదు.

అయితే ఇవ్వలా. ఇప్పుడేం చెయ్యాలి? కోర్టుకి పోయారు, పోనీయండి, అది వాళ్ళ హక్కు. కేసు నడిచినన్నాళ్ళు నడుస్తది, సభ మాత్రం జరిగిపోతా ఉంటది. 2014లో హోదా రాని కాంగ్రెస్ లోక్‌సభకి పోవడం మానలా, పదేళ్ళు హోదా లేకుండానే కూర్చుంది.

బాయ్‌కాట్ చేసినోళ్ళే గెలిచారు గదా

నా వాదనకి ఎదురుగా ఉన్న గట్టి మాట ఇదే, దీన్ని దాటేసి పోలేను. 2017లో జగన్ గారు, తన పార్టీ నుంచి టీడీపీలోకి పోయిన 23 మంది ఎమ్మెల్యేల మీద వేటు వెయ్యలేదని సభ మానేశారు, పార్టీ మొత్తం మానేసింది, ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 151 తెచ్చుకున్నారు. 2021 నవంబర్‌లో చంద్రబాబు గారు సభలో తన ఇంటి ఆడవాళ్ళ గురించి మాట్లాడారని, మళ్ళీ ముఖ్యమంత్రిగానే వస్తానని చెప్పి వెళ్ళిపోయారు, అట్టాగే వచ్చారు. కాబట్టి ఇద్దరు నాయకులూ సభ మానేసి నష్టపోలా, పైగా లాభపడ్డారు. సభలో కూర్చుని మంచి ప్రశ్నలు అడిగినందుకు మన రాష్ట్రంలో ఎవరైనా ఎన్నిక గెలిచారా అంటే నాకు ఒక్క పేరూ గుర్తు రావట్లా. ఓటు తెచ్చేది రోడ్డే, దాన్ని నేను ఒప్పుకుంటా.

కానీ ఆ రెండిట్లో ఒక తేడా ఉంది. 2021 తర్వాత చంద్రబాబు గారు రాలేదు గానీ మిగతా టీడీపీ ఎమ్మెల్యేలు పోయారు. 2022 డిసెంబర్ 28న కందుకూరు సభ తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు, ఆ తర్వాత రోడ్ల మీద సభలు పెట్టకూడదని ప్రభుత్వం జీవో 1 తెచ్చింది. 2023 మార్చిలో ఆ జీవో మీద సభలో గొడవ జరిగినప్పుడు పోడియం దగ్గర తోపులాటలో ఉన్నది మా కొండపి ఎమ్మెల్యే డోలా బాలవీరాంజనేయస్వామి గారు. ఎవరు ఎవరిని కొట్టారనేది ఎవరి వెర్షన్ వాళ్ళది, ఆ దృశ్యం చూసి జిల్లావాడిగా నాకు బాధేసింది. అయినా కందుకూరులో చనిపోయినవాళ్ళ తర్వాత వచ్చిన జీవో గురించి అడగడానికి మా జిల్లా మనిషి ఒకడు ఆ సభలో ఉన్నాడు. మైకు ఇవ్వరని తెలుసు, సస్పెండ్ చేస్తారని తెలుసు, రోజూ సస్పెండ్ అవుతానే పోయారు. నాయకుడు ప్రతిజ్ఞ చేశాడని మిగతావాళ్ళంతా ఇంట్లో కూర్చోలా.

2017లో మాత్రం పార్టీ మొత్తం మానేసింది. 2014లో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా సీట్లు వాళ్ళు గెలిచినవే. ఏడాదిన్నర పాటు మా ప్రాంతం గురించి ప్రతిపక్షం నుంచి అడిగినవాడు లేడు. ఆ 23 మంది విషయంలో వాళ్ళకి జరిగింది అన్యాయమే, నలుగురికి మంత్రి పదవులు కూడా ఇచ్చారు, దానికి కోపం రావడం న్యాయం. కానీ ఆ కోపానికి మూల్యం కట్టింది మేము.

సుందరయ్య గారి పదిహేను మంది

తక్కువ మంది ఉంటే ఏం చెయ్యగలరు అనేవాళ్ళకి మన పక్క జిల్లా సంగతే చెప్తా. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులే గెలుస్తారని అందరూ అనుకున్నారు. ఓట్లు 31 శాతం దాకా వచ్చినయ్, సీట్లు మాత్రం 196లో 15. ఇప్పటి లెక్కన అది కూడా పది శాతం కంటే తక్కువే. ముఖ్యమంత్రి అయింది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం మనిషి బెజవాడ గోపాలరెడ్డి గారు. ఎదురుగా ఆ పదిహేను మందికి పెద్దదిక్కుగా కూర్చుంది అదే జిల్లా అలగానిపాడు మనిషి పుచ్చలపల్లి సుందరయ్య గారు, గన్నవరం నుంచి గెలిచి. ఒకే జిల్లా, ఎదురెదురు బెంచీలు. అంతకుముందు సైకిల్ మీద పార్లమెంటుకి పోయిన మనిషి, ఇంత చిన్న గుంపుతో ఏం చేస్తాంలే అని ఇంట్లో కూర్చోలా, 1967 దాకా శాసనసభలోనే ఉన్నారు. మా తాత కాంగ్రెస్ మనిషి, అయినా సుందరయ్య గారి పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతులో గౌరవం నేను చిన్నప్పుడే గమనించా. 31 శాతం ఓట్లకి 15 సీట్లు వచ్చినప్పుడు అన్యాయం జరిగిందని అలగడానికి వాళ్ళకి ఇప్పటివాళ్ళ కంటే తక్కువ కారణమేం లేదు.

అంతకు కొద్ది నెలల ముందు, 1954లో, మా జిల్లాకి పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది ఒక్క ఓటు తేడాతో. ఒకళ్ళిద్దరు సభకి రాకపోతే చరిత్ర వేరేగా ఉండేది. ఇప్పుడు 164 ముందు 11 ఓట్లు దేన్నీ పడగొట్టలేవు, నిజమే. కానీ పడగొట్టడం ఒక్కటే ఓటు పని కాదు గదా, బడ్జెట్ డిమాండ్ల మీద ఓటింగ్ పెట్టించి నేను వ్యతిరేకం అని పేరు రాయించుకోవడం కూడా పనే.

వేటు వెయ్యాలా

అరవై రోజులు అనుమతి లేకుండా రాకపోతే సీటు ఖాళీ అని ప్రకటించొచ్చని రాజ్యాంగం 190వ అధికరణలో ఉంది, డిప్యూటీ స్పీకర్ రఘురామకృష్ణరాజు గారు దాన్ని గుర్తు చేశారు కూడా. ఆ అరవైలో అసెంబ్లీ నాలుగు రోజులకి మించి వాయిదా పడిన రోజులు లెక్కలోకి రావు, మన సభ ఏడాదిలో కూర్చునే రోజులే కొన్ని. కొందరు రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికి రాకుండా పోతున్నారని స్పీకర్ గారే సభలో అన్నారు. జీతం గొడవ, సంతకాల గొడవ, ఉప ఎన్నికల బెదిరింపు, ఇదంతా చూస్తే నాకు మంట పుడుతుంది. వేటు వేస్తే మా వాళ్ళ ఓటుని రద్దు చేసినట్టే. ఎర్రగొండపాలెం జనం తెలిసే ఓటేశారు, వాళ్ళ తీర్పు వాళ్ళే 2029లో మారుస్తారో లేదో చూసుకుంటారు. వేటు వద్దు, పోవడం కావాలి.

పార్టీ వద్దంటే ఒక ఎమ్మెల్యే ఒక్కడే ఎట్టా పోతాడు అనేది నాకూ ఉన్న అనుమానం. నాకు అర్థమైనంతవరకు పదో షెడ్యూల్, అదే పార్టీ ఫిరాయింపుల చట్టం, అడ్డం పడేది విప్‌కి, అంటే పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినప్పుడు లేదా ఓటింగ్‌కి దూరంగా ఉన్నప్పుడు, పార్టీ వదిలేసినట్టు నడుచుకున్నప్పుడు. ప్రశ్న రాసివ్వడం ఓటు కాదు. చట్టం కంటే పెద్ద భయం వచ్చేసారి టిక్కెట్టు, అది నాకు తెలుసు. 2024లో సొంత నియోజకవర్గాల్లోనే ఎంతమందిని అటూ ఇటూ మార్చారో మా జిల్లాలోనే చూశాం, గిద్దలూరు, మార్కాపురం పైన రాశా, ఎర్రగొండపాలెంలో గెలిచిన ఆదిమూలపు సురేష్ గారిని కొండపికి పంపారు. అట్టాంటి పార్టీలో ఎమ్మెల్యే నోరు తెరవాలంటే ధైర్యం కావాలి. అందుకే నేను తాటిపర్తి చంద్రశేఖర్ గారిని, బూచేపల్లి శివప్రసాద్‌రెడ్డి గారిని ఒక్కళ్ళనే నిలదీయట్లా, నిర్ణయం పై నుంచి వచ్చింది, మారాల్సిందీ పైనే.

రోడ్డు మీదకి వస్తున్నారు గదా అని మామ ఆఖరి మాట. వస్తున్నారు. 2025 జూన్‌లో పొగాకు రేటు పడిపోయి రైతులు ఏడుస్తుంటే జగన్ గారు పొదిలి వచ్చారు, ఆ రోజు జరిగిన గొడవలు, కేసులు అందరికీ తెలుసు, వాటి మధ్యలో పొగాకు సంగతి సగం పక్కకి పోయింది. అయినా రావడం మంచిదే, వచ్చినందుకే బర్లీ రకం పొగాకు గురించి రాష్ట్రం మొత్తం ఒక వారం మాట్లాడుకుంది. రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఎన్ని కిలోలు కొన్నారు, ఏ రేటుకి, ఎంతమంది రైతుల దగ్గర, డబ్బులు ఎప్పుడు పడ్డాయి? పొదిలి రోడ్డు మీద ఇది అడిగితే చప్పట్లు వస్తాయి, సభలో అడిగితే అంకె వస్తది. రైతుకి రెండూ కావాలి, పొదిలి వచ్చినాయన అసెంబ్లీ ఉన్న వెలగపూడి కూడా పోవచ్చు.

వచ్చే సమావేశాలకి ప్రశ్నలు తీసుకునే టైములో ఎర్రగొండపాలెం ఎమ్మెల్యే గారు చెయ్యాల్సింది ఒక్క కాగితం రాయడం. నల్లమల సాగర్ ముంపు ఊళ్ళలో ఊరి వారీగా ఎన్ని కుటుంబాలు లిస్టులో ఉన్నాయి, ఏ తేదీ నాటికి పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళని లెక్కలోకి తీసుకున్నారు, ఇప్పటికి ఎన్ని కుటుంబాలకి డబ్బులు పడ్డాయి, మిగతావాళ్ళకి ఏ నెలలో పడతాయి. దీనికి హోదా అక్కర్లా, ముందు వరుసలో సీటు అక్కర్లా. రాసిచ్చి, ఆ రోజు సభలో ఉండి, జవాబు సరిగ్గా లేకపోతే లేచి ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఆ కాగితం బయటికి వస్తే పెద్దారవీడు దాకా నేనే ప్రింటు తీసి పట్టకపోతా.